నిర్మాణ స్థలంలో అగ్ని భద్రత – 5వ పాఠం: కింది అంతస్తు, చివరి గంట

నాలుగో పాఠం చివర ఇచ్చిన అభ్యాసం గుర్తుందిగా: మూడో అంతస్తులో, లిఫ్ట్ షాఫ్ట్ పక్కన, పాత ఇనుప బ్రాకెట్‌ను గ్యాస్ కటింగ్‌తో తీసేయాలి, దానికి హాట్ వర్క్ పర్మిట్ (మంట, రవ్వలు వచ్చే పనికి ముందు తీసుకునే రాతపూర్వక అనుమతి) నింపండి అన్నాను. మీరు పంపినవి చదివాక, ఈసారి చెప్పాల్సిన తాత్కాలిక కరెంటు పాఠాన్ని చివరికి నెట్టక తప్పలేదు. పేర్లు, తేదీలు, సంతకాలు అన్నీ ముచ్చటగా ఉన్నాయి. ఆ పర్మిట్లతో పని మొదలుపెడితే మాత్రం రెండో అంతస్తు తగలబడుతుంది.

11 మీటర్ల లోపు మండే సరుకు ఉండకూడదని చెప్పాను. దాదాపు అందరూ బ్రాకెట్ చుట్టూ 11 మీటర్ల గుండ్రం గీసి, అందులో ఉన్న ప్లైవుడ్‌ని, రంగు డబ్బాలని పక్కకి జరిపించారు. గీసింది మూడో అంతస్తు ప్లాన్ మీద! కటింగ్‌లో రాలేది మామూలు రవ్వ కాదు, కరిగిన ఇనుము. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. ఆ బొట్టు పడ్డచోట చిట్లుతుంది, ఎగురుతుంది, దొర్లుతుంది. ఎత్తు నుంచి పడితే 11 మీటర్లు దాటి కూడా పోతుంది. పక్కనే షాఫ్ట్ ఉందని ప్రశ్నలోనే ఇచ్చాను. దాని అడుగున ఏముందో చూడాలని రాసినవాళ్లు బహు కొద్దిమంది. పని నడుస్తున్న సైట్లో షాఫ్ట్ అడుగున ఏముంటుందో వేరే చెప్పాలా? చెక్కముక్కలు, ఖాళీ సంచులు, ప్యాకింగ్ అట్టలు, థర్మాకోల్.

షాఫ్ట్ అయినా కంటికి కనిపిస్తుంది. ప్లంబింగ్ పైపుల కోసం స్లాబ్‌లో వదిలిన స్లీవ్ (గొట్టం లాంటి దారి), కేబుల్ కోసం తొలిచి మూయకుండా వదిలేసిన రంధ్రం, స్లాబ్ అంచుకీ గోడకీ మధ్య వేలెడు సందు, ఎక్స్‌పాన్షన్ జాయింట్ (వేడికి కట్టడం సాగడానికి వదిలే సందు): వీటిని ఎవరూ చూడరు. 1996 ఏప్రిల్ 11న జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ విమానాశ్రయంలో టెర్మినల్ పైనున్న రోడ్డు మీద, ఇలాంటి జాయింట్ దగ్గరే వెల్డింగ్ చేస్తున్నారు. కరిగిన లోహం సందులోంచి జారి, కింద సీలింగ్ పైభాగంలో ఉన్న పాలీస్టైరీన్ ఇన్సులేషన్‌ని అంటించింది. 17 మంది చనిపోయారు. వెల్డింగ్ జరిగింది ఆరుబయట, మంట లేచింది లోపల.

బయటి గోడ పనికీ ఇదే లెక్క. 2010 నవంబరు 15న షాంఘైలో 28 అంతస్తుల నివాస భవనానికి మరమ్మతులు జరుగుతుండగా వెల్డింగ్ రవ్వలతో మంట పుట్టింది. పరంజాకి కట్టిన వలలు, పాలీయురెథేన్ ఫోమ్ దొరికేసరికి భవనమంతా పాకింది. 58 మంది పోయారు. ఆ భవనంలో జనం కాపురం ఉంటూనే ఉన్నారు. కొత్త కట్టడానికీ మరమ్మతు పనికీ ఉన్న తేడా అదే.

ఇక రంధ్రం లేకపోయినా వేడి పోయే దారి ఒకటుంది. గోడలోంచి అవతలికి పోయే పైపుని ఇవతల వెల్డ్ చేస్తే, అవతల ఆ పైపుకి చుట్టిన ఇన్సులేషన్ వేడెక్కుతుంది. కాబట్టి గోడ అవతలి గది కూడా మీ పర్మిట్లో ఉండాలి.

రంధ్రాలు వెతకడానికి నా పద్ధతి ఒకటి చెబుతాను. ఏ పుస్తకం పద్ధతీ కాదు. కింద ఎవరూ లేకుండా చూసి, పని జరిగే చోట నేల మీద పొడి ఇసుక పోసి చీపురుతో అన్ని మూలలకీ ఊడ్పిస్తాను. తర్వాత కిందికి దిగి ఎక్కడ రాలిందో చూస్తాను. టార్చిలైటు వేసి చూడమంటారు కొందరు. వంకర సందులో వెలుగు ఆగిపోతుంది, ఇసుక జారుతుంది. రవ్వ కూడా జారేదే.

కదపడానికి వీల్లేని సరుకు మీద టార్పాలిన్ కప్పుతామని చాలామంది రాశారు. ప్లాస్టిక్ టార్పాలిన్ కరిగి మండుతుంది. మీరు సరుకు మీద ఇంకాస్త సరుకు పెట్టినట్టు. వెల్డింగ్ బ్లాంకెట్ (రవ్వలకి అంటుకోని దుప్పటి) వాడండి, అంచులు నేలకి ఆనించి బరువు పెట్టండి. సిలిండర్ల మధ్య దూరం మూడో పాఠంలో ఉంది, అడగకండి, చూసుకోండి. ఎక్స్‌టింగ్విషర్ పిన్ను లాగడం లాంటివి మళ్లీ చెప్పను.

ఇప్పుడు నాకు నిజంగా చిరాకు తెప్పించిన విషయం. ఫైర్ వాచ్, అంటే పని జరుగుతున్నప్పుడూ, ఆగాకా మంట లేస్తుందేమోనని కాసే కాపలా.

మీ పర్మిట్లలో "పని ముగింపు 5:30, ఫైర్ వాచ్ ముగింపు 5:30" అని ఉంది. కొందరు ఉదారంగా 5:45 వేశారు. కటింగ్ టార్చ్ ఆగగానే ప్రమాదం ఆగిపోయిందని మీ లెక్క. టార్చ్ వెలుగుతున్నంతసేపూ అక్కడ మనుషులు ఉంటారు, కళ్లు ఉంటాయి, చిన్న మంట లేస్తే కాలితో తొక్కేస్తారు. అందరూ వెళ్లిపోయాకే అసలు భయం. రంపపు పొట్టులో, దూది పీచులో, ఫైబర్ బోర్డులో, పాత చెక్క అతుకులో పడ్డ బొట్టు వెంటనే మంటగా లేవదు. గాలి తక్కువగా ఉంటుంది కాబట్టి నివురుగప్పిన నిప్పులా లోలోపలే తింటూ పోతుంది. పొగ కూడా కంటికి ఆనదు. తింటూ తింటూ గాలి బాగా తగిలే ఖాళీలోకి చేరినప్పుడు ఒక్కసారి భగ్గుమంటుంది. అది పదో నిమిషంలో కావచ్చు, గంటకి కావచ్చు, అందరూ ఇళ్లకి చేరాక కావచ్చు. నీళ్లు చల్లాం కదా అంటారు. చల్లిన నీరు పైపొరని తడుపుతుంది, నిప్పు కిందిపొరలో ఉంటుంది.

అందుకే అమెరికాలో అగ్ని భద్రతా ప్రమాణాలు రాసే సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ, హాట్ వర్క్‌కి సంబంధించిన తన 51బీ ప్రమాణంలో, పని ఆగాక కాపలా అరగంట అన్నదాన్ని 2019 ఎడిషన్ నుంచి గంటకి పెంచింది. అది కనీసం. ఫోమ్, తారు షీట్లు, పాత చెక్క పైకప్పులు ఉంటే నేను రెండు గంటలు అడుగుతాను. గొణుగుతారు, గొణగనివ్వండి.

గంట ఎలా తేవాలి? వెనక నుంచి లెక్కపెట్టండి. సైటు 6 గంటలకి మూస్తారు. కాపలా 5:30కి ముగియాలి. అంటే టార్చ్ 4:30కి ఆగాలి. పర్మిట్లో నేను ముందు నింపించేది కాపలా ముగిసే సమయం, తర్వాతే పని సమయాలు. "ఇంకో రెండు బోల్టులే సార్" అన్నప్పుడు ఈ లెక్కే మిమ్మల్ని కాపాడుతుంది. రెండు బోల్టులు రేపు పొద్దున కోసుకోవచ్చు. భోజన విరామానికీ ఇదే. 1 గంటకి టార్చ్ పక్కన పెట్టి అందరూ కిందికి దిగితే, ఆ గంటసేపూ అక్కడ ఎవరూ లేరన్నమాట. కాపలా మనిషి విడిగా, తర్వాత తింటాడు.

ఆ మనిషి ఎవరు? మీలో సగానికి పైగా హెల్పర్ పేరు రాశారు. హెల్పర్ ప్లేటు పట్టుకుంటాడు, హోస్ సర్దుతాడు, చూపు పని మీద ఉంటుంది. ఫైర్ వాచ్‌కి మరో పని ఉండకూడదు. వెల్డర్‌ని ఆపే అధికారం ఉండాలి, చేతిలో ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి, ఎవరికి ఫోన్ చేయాలో తెలియాలి. మన షాఫ్ట్ ఉదాహరణలో అయితే ఒక్కరు చాలరు: పైన ఒకరు, అడుగున ఒకరు. రాత్రి గేటు వాచ్‌మన్‌కి అప్పగించాం అని ఒకరు రాశారు. గేటు దగ్గర కూర్చుంటే మూడో అంతస్తు వాసన రాదు.

సరే, కరెంటు. ఎక్కువ చెప్పే చోటు లేదు, ఒక్క వస్తువు చూద్దాం: కేబుల్ డ్రమ్, అంటే ఎక్స్‌టెన్షన్ తీగ చుట్టి ఉంచే చక్రం. అవసరమైన పది మీటర్లు లాగి, మిగతాది చుట్టలోనే ఉంచి, పెద్ద మెషిన్ తగిలిస్తారు. చుట్టలో ఉన్న తీగ వేడి బయటికి పోలేదు. లోపలి పొరల్లో ఇన్సులేషన్ మెత్తబడి, కరిగి, తీగలు ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఎంసీబీ (కరెంటు పరిమితి దాటితే ఆపేసే స్విచ్) ఉందిగా అనకండి. తీగలో పారే కరెంటు పరిమితిలోనే ఉంది కాబట్టి షార్ట్ అయ్యేదాకా ఎంసీబీకి ఏమీ తెలియదు. డ్రమ్ మీద రెండు లోడు అంకెలు ఉంటాయి, విప్పినప్పటిది, చుట్టినప్పటిది. రెండోది చాలా తక్కువ. నా సలహా: ఆ అంకెలు గుర్తుపెట్టుకునే కంటే డ్రమ్ మొత్తం విప్పేయండి. పని అయిపోయాక మెషిన్ స్విచ్ కాదు, ప్లగ్గే తీయండి. 2007 మే 21న లండన్‌లో పునరుద్ధరణలో ఉన్న కటీ సార్క్ ఓడ కాలింది. వారాంతమంతా ఆన్‌లో వదిలేసిన పారిశ్రామిక వాక్యూమ్ క్లీనర్ అందుకు కారణం కావచ్చని దర్యాప్తు తేల్చింది. మిగతా కరెంటు సంగతులు ఆరో పాఠంలో.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టం. మీరు పనిచేసే సైట్లో, సూపర్‌వైజర్ అనుమతితో, వెల్డింగ్ జరగబోయే ఒక చోటు ఎంచుకోండి. దాని చుట్టూ 11 మీటర్లలో పైన, కింద, గోడ అవతల ఉన్న ప్రతి రంధ్రాన్నీ నంబర్లేసి రాయండి. ఒక్కోదాన్నీ దేనితో మూస్తారు, మూయలేకపోతే కింద ఎవరిని నిలబెడతారు, ఆ మనిషి ఎన్నింటిదాకా ఉంటాడు, అన్నీ ఉండాలి. నింపిన పర్మిట్ నాకు పంపకండి. కింది అంతస్తు బొమ్మ పంపండి.