బ్రిటిష్ టీవీ డ్రామాను విమర్శ దృష్టితో చూడడం ఎలా?

కథ బాగుంది, నటన బాగుంది అన్న దగ్గరే ఆగిపోతే టీవీ డ్రామా గురించి రాయడానికి పెద్దగా ఏమీ మిగలదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళను నేను ‘క్యాథీ కమ్ హోమ్’ చూడమంటాను. జెరెమీ శాండ్‌ఫర్డ్ రాసి, కెన్ లోచ్ తీసిన ఈ డ్రామా 1966 నవంబర్ 16న బీబీసీలో వచ్చింది. నిలువ నీడ పోగొట్టుకున్న ఒక చిన్న కుటుంబం కథ.

1. మొదటిసారి మామూలు ప్రేక్షకుల్లాగే చూడండి. ఎక్కడ కోపం వచ్చిందో, ఎక్కడ ఏడుపొచ్చిందో గుర్తుంచుకుంటే చాలు.

2. తర్వాత ఒక్క సీన్ పట్టుకోండి. రైల్వే స్టేషన్‌లో అధికారులు క్యాథీ పిల్లల్ని లాక్కుపోయే చివరి సీన్ తీసుకోవచ్చు. సౌండ్ తీసేసి ఒకసారి చూడండి, కళ్ళు మూసుకుని ఇంకోసారి వినండి. కెమెరా ఎవరి పక్కన నిలబడింది? అప్పట్లో డ్రామాలు ఎక్కువగా స్టూడియోలోనే తీసేవారు. దీన్ని మాత్రం చాలావరకు బయట వీధుల్లో, తేలికైన కెమెరాల్లో వాడే 16 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు. కెమెరా చేతిలో ఊగుతుంటుంది, మధ్యమధ్య ఇళ్ళ కొరత లెక్కలు చెప్పే గొంతులు వినిపిస్తాయి. అందుకే కల్పిత కథ కూడా వార్తలా నమ్మిస్తుంది. ఇలా కలిపేయడం న్యాయమేనా అని అప్పుడే గొడవ జరిగింది. నా మటుకు న్యాయమే, ఎందుకంటే చూపించిన కష్టం అబద్ధం కాదు. మీరు ఒప్పుకోనక్కర్లేదు, కానీ ఏ షాట్ వల్ల ఒప్పుకోలేదో చెప్పాలి.

3. డబ్బు ఎక్కడిదో చూడండి. బీబీసీ టీవీ చూసేవాళ్ళు కట్టే లైసెన్స్ ఫీజుతో, ప్రైవేటు ఛానెల్ ఐటీవీ ప్రకటనలతో నడుస్తాయి. ఐటీవీలో 1960 నుంచి సాగుతున్న ‘కొరొనేషన్ స్ట్రీట్’ సీరియల్‌కు రేపటి ఎపిసోడ్ కావాలి. ఒక్క రాత్రితో అయిపోయే డ్రామాకు ఆ అవసరం లేదు, సమస్యను తెగకుండానే వదిలేయగలదు.

4. ఎవరి మాట వినిపించలేదో వెతకండి. ఈ డ్రామాలో ఇల్లు లేని కుటుంబాలను ఉంచే హాస్టల్లో భర్తలను ఉండనివ్వరు కాబట్టి భారమంతా తల్లి మీదే పడుతుంది. స్త్రీవాద కోణంలో రాయాలనుకుంటే ఇక్కడ మొదలుపెట్టండి.

5. ప్రభావం గురించి చెప్పే మాటల్ని తేదీలతో సరిచూడండి. ఇల్లు లేనివాళ్ళ కోసం పనిచేసే ‘షెల్టర్’ అనే సంస్థ ఈ డ్రామా వల్లే పుట్టిందని చాలామంది రాస్తారు. అది 1966 డిసెంబర్ 1న మొదలైన మాట నిజమే, కానీ సన్నాహాలు అంతకుముందే జరుగుతున్నాయి. డ్రామా దానికి జనం మద్దతు తెచ్చిపెట్టింది.

ఇక రాయండి. కథాసారం రెండు వాక్యాలు దాటకూడదు, మిగతాదంతా మీరు ఎంచుకున్న సీన్ గురించే ఉండాలి.