పాలు కారకముందే పాలరోగాన్ని పట్టుకోవడం ఎట్ల

పట్టుపురుగు తోలు పగిలి పాలు కారినంక అది పాలరోగమని ఎవరైనా చెప్తరు. అప్పటికే ఆ పాలు పడ్డ ఆకును పక్క పురుగులు తినేసి ఉంటయి. ఇంగ్లీషుల గ్రాసరీ అనే ఈ రోగానికి కారణం న్యూక్లియర్ పాలిహెడ్రోసిస్ వైరస్. అంటుకున్న పురుగును బాగుచేసే మందు లేదు. ఎవరన్న యాంటీబయాటిక్ కొనుమంటే పైసలు దండుగ, అది బ్యాక్టీరియాకు తప్ప వైరస్‌కు పనిచేయదు.

మా జనగామ దిక్కు పురుగులు జ్వరానికి (మేత మాని తోలు విడిచే సమయం) కూర్చోంగనే ఆకు బంద్ చేసి, సున్నం చల్లి, ఇంటికి పోయి పండుకుంటరు. నేను మాత్రం టార్చిలైట్ పట్టుకొని ర్యాకుల పొంట తిరిగేది అప్పుడే. మంచి పురుగు తల పైకెత్తి కదలకుండ ఉంటది. రోగం పట్టింది కూర్చోదు. బెడ్డు (ఆకు, పురుగులు ఉండే పరుపు) అంచుకొచ్చి, ర్యాకు కర్ర మీదికెక్కి ఊరికే పాకుతది. తోలు నూనె రాసినట్టు మెరుస్తది, కణుపుల నడుమ ఉబ్బి ఉంటది. కాకపోతే వెనుకబడ్డయన్నీ రోగపువే అనుకోవద్దు. ఆకు అందక చిక్కినయి కూడ ఉంటయి, వాటికి ఉబ్బు ఉండదు, ఆకేస్తే తింటయి.

అనుమానమొస్తే చేతితోని పట్టొద్దు, పుల్లలతోని తీయాలె. పొట్ట కింద కాలును సూదితో గుచ్చి, వచ్చిన చుక్కను గాజుపలక మీద తీసుకొని, పలకను పేపరు మీద పెట్టి చూడుండ్రి. మంచి పురుగు రక్తంలోంచి అక్షరాలు తేటగ కనబడ్తయి. మసకబారితే రోగమే అనుకొని ముందుకు పోవాలె.

పక్కా చేసుకోవాల్నంటే మైక్రోస్కోపు కావాలె. చుక్క మీద సన్న గాజుముక్క కప్పి, 400 లేదా 600 రెట్లల్ల చూస్తే పాలిహెడ్రా (వైరస్ నిండిన గింజలు) కనబడ్తయి. మూలలున్న మెరిసే గింజలు, ఒక్కోటి 2 నుంచి 6 మైక్రాన్లు. కొత్తగ చూసేటోళ్లు మోసపోయేది ఇక్కడనే: పురుగు రక్తంల కొవ్వు బొట్లు కూడ మెరుస్తయి. అవి గుండ్రంగ, చిన్నయి పెద్దయి కలిసి ఉంటయి. సుడాన్-3 రంగు చుక్క కలిపితే కొవ్వు నారింజ ఎరుపుకు తిరుగుతది, పాలిహెడ్రాకు రంగు అంటదు. కోడిగుడ్డు ఆకారంల మెరిసేటియి కనబడితే అది పెబ్రిన్ కావచ్చు. అది వైరస్ కాదు, గుడ్లతోని వచ్చే వేరే రోగం.

రక్తం తేటగనే ఉండి పురుగు చిక్కిపోతుంటే కోసి పేగు చూడాలె. పేగు వెనుక భాగం సున్నంలెక్క తెల్లగుంటే అది సైటోప్లాస్మిక్ పాలిహెడ్రోసిస్, పేగుకు పట్టే వేరే వైరస్ రోగం. పురుగు మెత్తబడి చచ్చే ఫ్లాచరీ రోగపు వైరస్‌లు కొన్నిటికి పాలిహెడ్రా అసలే ఉండవు, వాటికి మైక్రోస్కోపు చాలదు. ల్యాబుల పీసీఆర్ (వైరస్ జన్యువును పట్టే పరీక్ష) చేయించాల్సిందే.

తేలినంక ఆలస్యం చేయొద్దు. రోగపు పురుగులను 2 శాతం బ్లీచింగ్ పౌడరు, 0.3 శాతం సున్నం కలిపిన నీళ్లల్ల వేసి, తర్వాత లోతుగ పూడ్చాలె. కోళ్లకు వేయొద్దు, రెట్టతోని వైరస్ మళ్ల షెడ్డు చుట్టే తిరుగుతది. మిగిలిన పురుగులు జ్వరం లేచినంక, మేత వేసేముందు విజేత లాంటి, రోగక్రిములను చంపే బెడ్డు పౌడరు చల్లాలె.

ఏ జ్వరంల దొరికిందో రాసిపెట్టుకోవాలె. చిన్న పురుగుకు అంటుకుంటే నాలుగైదు రోజులల్ల బయటపడ్తది. చాకీ (చిన్న పురుగులను పెంచి ఇచ్చే సెంటర్) నుంచి తెచ్చిన మూడు నాలుగు రోజులకు మూడో జ్వరంలనే కనబడితే అంటుకున్నది చాకీల అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు చాకీ సెంటర్‌కు ఫోన్ చేసి, అదే బ్యాచ్ పురుగులు తీసుకపోయిన రైతులెవరో అడిగి వాళ్లకు కూడ చెప్పుండ్రి. నాలుగో జ్వరంల మొదలైతే మన షెడ్డునే కడుక్కోవాలె.