డౌన్‌హిల్ సైకిల్‌కి ఇంకో లక్షన్నర పెట్టాలా? ముందు ఉన్న సైకిల్ జబ్బు కనుక్కోండి

మొన్న ఆదివారం మా అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం వైపు సైకిళ్ల మీద గుట్ట దిగి కానుగ చెట్టు కింద కూర్చున్నాం. మాతో వచ్చే కుర్రాడొకడు మెల్లగా అడిగాడు: “అన్నా, ఈ సైకిల్ అమ్మేసి పైమోడల్ తీసుకుందామనుకుంటున్నా. లక్షన్నర తేడా పడుతోంది. తీసుకోమంటావా?”

ఎందుకురా అంటే, “ఎప్పుడు చూసినా పంచర్లే. దిగేసరికి చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. సగం దారిలో బ్రేకులు పట్టడం మానేస్తున్నాయి” అన్నాడు. ఈ మూడూ పైమోడల్ కొన్నంత మాత్రాన పోయేవి కావు. లక్షన్నర పోసినా మళ్లీ ఇదే చెట్టు కింద ఇవే మాటలు చెప్తాడు. వాడికి చెప్పిందే కాస్త వివరంగా రాస్తున్నాను.

సమస్య: ఊరికే పంచర్లు

ట్యూబు తీసి నీళ్లలో ముంచి చిల్లు ఎలా ఉందో చూడండి. సూది మొనంత ఒక్క చిల్లు ఉంటే అది ముల్లు. మన దగ్గర పల్లేరుకాయలూ సర్కారు కంపా లేని దారి ఏది? రెండు చిల్లులు పక్కపక్కన పాము కాటులా ఉంటే గాలి తక్కువై, రాయి దెబ్బకి ట్యూబు రిమ్ముకీ టైరుకీ మధ్య నలిగిందని అర్థం. టైరు పక్కగోడే చీరితే కారణం రాళ్ల అంచులు. తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు నాపరాయి ముక్కల మీద తొక్కినవాళ్లకి ఇది బాగా తెలుసు.

ముల్లుకి మందు ట్యూబ్‌లెస్, అంటే ట్యూబు తీసేసి, చిల్లులు పూడ్చే సీలెంట్ ద్రవం టైరులోనే పోయడం. రిమ్మూ టైరూ ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చేవైతే టేపు, వాల్వు, సీలెంట్ చాలు. పోయిన చలికాలం ఒక్క సవారీ తర్వాత నా వెనక టైరులో పదకొండు పల్లేరు ముళ్లు లెక్కపెట్టాను. ఒక్కోటి పీకి, చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పి ఆపితే తెల్లటి సీలెంట్ బుడగలా పొంగి, నాలుగు చుట్లకి గట్టిపడింది. గాలి దాదాపు దిగలేదు. అయితే మన ఎండలకి సీలెంట్ త్వరగా ఎండిపోతుంది. వేసవిలో రెండు నెలలకోసారి తీసి చూడండి. చక్రం ఊపితే లోపల గుళగుళ శబ్దం రాకపోతే అయిపోయినట్టే.

పక్కగోడలు చీరుతుంటే డౌన్‌హిల్ కేసింగ్ (మందపాటి గోడ) ఉన్న టైరు వేయాలి. అది ఒక్కోటి కిలో పైనే బరువుంటుంది, ఎక్కేటప్పుడు కాళ్లకి తెలుస్తుంది. వెనక చక్రానికి మాత్రం వేసుకున్నా చాలావరకు సరిపోతుంది. ఖరీదైన సైకిళ్లు కూడా చాలాసార్లు పలచటి టైర్లతోనే వస్తాయి, బరువు తక్కువ చూపించడానికి. అంటే పైమోడల్ కొన్నా మొదటి వారంలోనే టైర్ల ఖర్చు వేరే ఉంటుంది.

సమస్య: చేతులు తిమ్మిర్లు, ఫోర్క్ రాయిలా గట్టిగా ఉంది

ఫోర్క్ అంటే ముందు చక్రాన్ని పట్టుకుని, దెబ్బకి దిగి లేచే రెండు కాళ్ల భాగం. ఈ బాధకి నాలుగు కారణాలుంటాయి. కొత్త ఫోర్క్ కొనమని ఏ ఒక్కటీ చెప్పదు.

మొదటిది టైరులో గాలి. రోడ్డు అలవాటుతో 45 పీఎస్ఐ కొట్టి గుట్ట దిగితే ఏ ఫోర్కూ కాపాడదు. ట్యూబ్‌లెస్ అయితే మీ బరువును బట్టి 22 నుంచి 30 మధ్య ఎక్కడో ఒకచోట కుదురుతుంది.

రెండోది సాగ్. ఎక్కి నిలబడగానే ఫోర్క్ మీ బరువుకి ఎంత దిగుతుందనేదే సాగ్. స్నేహితుణ్ణి సైకిల్ పట్టుకోమని, పూర్తి సామానుతో నిలబడి, ఫోర్క్ గొట్టం మీదున్న రబ్బరు రింగు ఎంత జరిగిందో స్కేలు పెట్టి కొలవండి. 200 మిల్లీమీటర్ల ట్రావెల్ (మొత్తం దిగగల దూరం) ఉన్న డౌన్‌హిల్ ఫోర్క్ అయితే 40 నుంచి 50 దాకా దిగాలి. వెనక చక్రం దెబ్బలు మింగే షాక్ అయితే తన మొత్తం కదలికలో 30 శాతం దగ్గర దిగాలి. గాలితో పనిచేసే ఫోర్క్‌కి షాక్ పంపు చాలు. కాయిల్ (లోహపు స్ప్రింగు) అయితే మీ బరువుకి తగిన స్ప్రింగు మార్చుకోవాలి. సైకిల్ ఎంత ఖరీదైనదైనా స్ప్రింగు మీ బరువుది కాకపోతే అది మీ సైకిల్ కాదు.

మూడోది రిబౌండ్, అంటే దిగిన ఫోర్క్ తిరిగి పైకి లేచే వేగం. అది మరీ నెమ్మదిగా ఉంటే ఒక రాయి తర్వాత ఫోర్క్ పైకి లేచేలోపే రెండో రాయి తగులుతుంది. మూడో రాయి దగ్గరికొచ్చేసరికి ఫోర్క్‌లో దిగడానికి చోటే ఉండదు. ఒకే ముక్క దారిలో రిబౌండ్ మరని రెండేసి క్లిక్కులు తిప్పుతూ నాలుగుసార్లు దిగి చూడండి, తేడా చేతికే తెలుస్తుంది.

నాలుగోదానికి నేనే బలయ్యాను. నా ఫోర్క్ రెండేళ్లకి మొండికేసింది. చూపించిన ఒక షాపులో “ఈ మోడల్ ఇంతే, పైది తీసుకోండి” అన్నారు. నేనూ నమ్మి డబ్బులు సర్దుకోవడం మొదలుపెట్టాను. చివరికి ఓ మిత్రుడితో కలిసి ఇంట్లోనే విప్పితే కింది కాళ్లలోంచి పాల కాఫీ రంగులో ఒక చెంచాడు నూనె కారింది. స్పాంజి రింగుల్లో ఎర్రమట్టి పేస్టులా పేరుకుంది. సీళ్లు మార్చి, కొలత ప్రకారం కొత్త నూనె పోశాక ఆ ఫోర్క్ కొన్న రోజులాగే పనిచేసింది. రాక్‌షాక్స్ తన ఫోర్క్‌ల కింది కాళ్లని ప్రతి 50 గంటల సవారీకి విప్పి శుభ్రం చేయమంటుంది. ఇంత దుమ్ములో తిరిగే మనం దాన్ని అస్సలు దాటనివ్వకూడదు.

సమస్య: సగం దిగాక బ్రేకులు పట్టవు

లివర్ హ్యాండిల్ దాకా మెత్తగా వచ్చేస్తుంటే లోపల గాలి చేరింది లేదా ద్రవం పాతబడి మరిగింది. బ్లీడ్ చేయించాలి, అంటే లోపలి గాలీ పాత ద్రవమూ తీసేసి కొత్తది నింపించాలి. షిమానో బ్రేకుల్లో మినరల్ ఆయిల్ పోస్తారు, స్రామ్ బ్రేకుల్లో చాలావాటికి డాట్ అనే వేరే రకం ద్రవం. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే సీళ్లు పాడైపోతాయి, మెకానిక్‌కి ముందే చెప్పండి.

లివర్ గట్టిగానే ఉండి సైకిల్ ఆగకపోతే తప్పు ప్యాడ్లది. తీసి చూడండి, అద్దంలా మెరుస్తుంటే వేడికి కాలాయి. పొడుగు దిగుళ్లకి రెజిన్ ప్యాడ్లు తీసి మెటల్ ప్యాడ్లు వేసుకోండి, డిస్కు వాటికి పనికొస్తుందో లేదో మాత్రం చూసుకోవాలి. 180 మిల్లీమీటర్ల డిస్కు ఉంటే, ఫోర్క్ ఒప్పుకుంటే 203కి మార్చండి. కిందిదాకా బ్రేకు రాపిస్తూ రాకుండా, మలుపు ముందు గట్టిగా పట్టి వదలడం అలవాటు చేసుకోండి. చెయిన్‌కి కొట్టిన నూనె డిస్కు మీద పడినా ఇదే బాధ.

ఇవన్నీ చేశాక కూడా ప్యాడ్లని నొక్కే పిస్టన్లు రెండే ఉన్న బ్రేకు మీ బరువుకీ మీ దిగుడుకీ చాలకపోతే నాలుగు పిస్టన్లది కొనండి. అది న్యాయమైన ఖర్చు.

సమస్య: గేర్లు ఎగురుతున్నాయి

హ్యాంగర్ (డిరెయిలర్‌ని ఫ్రేముకి తగిలించే ముక్క) వంగి ఉంటుంది. సరిచేయించి, ఒకటి స్పేర్ కొని బ్యాగులో పెట్టుకోండి. మన గుండ్ల మధ్య గేర్లు మార్చే డిరెయిలర్ ఏదో ఒకరోజు విరుగుతుంది. అందుకే అక్కడ తక్కువ ధరదే మేలు.

సమస్య: ఎక్కలేక చచ్చిపోతున్నాను

సైకిల్ రకమే తప్పు. 200 మిల్లీమీటర్ల డౌన్‌హిల్ సైకిల్ కొండ లిఫ్టులో పైకి వెళ్లి దిగేవాళ్ల కోసం పుట్టింది. ఏడు గేర్లు, కిందికున్న సీటు, పదిహేను పదహారు కిలోల బరువు. మనకి లిఫ్టు లేదు, గంటసేపు తోసుకుంటూ ఎక్కి పది నిమిషాలు దిగుతాం. జీపు మాట్లాడుకునే గుంపు లేకపోతే 160, 170 ట్రావెల్ ఉన్న ఎండ్యూరో సైకిలే మనకు సరైంది. అదే డబ్బుకి రెండు పనులూ చేస్తుంది.

సమస్య: అన్నీ సరిచేశాను, అయినా చాలడం లేదు

ఇప్పుడే పైమోడల్ గురించి ఆలోచించాలి. పొడుగు దిగుడులో పైన బాగున్న షాక్, కిందికొచ్చేసరికి గుర్రంలా ఎగరేస్తుంటే లోపలి నూనె వేడెక్కి పలచబడుతోంది. పక్కన అదనపు నూనె డబ్బా ఉండే పిగ్గీబ్యాక్ షాక్ దీనికి నిజమైన జవాబు. సాగ్ సరిగ్గా ఉన్నా ప్రతి పెద్ద దెబ్బకీ ఫోర్క్ అడుగు తగులుతుంటే, ముందు లోపల టోకెన్లు (గాలి చోటు తగ్గించే ముక్కలు) వేసి చూడండి. అప్పటికీ ఆగకపోతే మంచి డ్యాంపర్‌కి, అంటే ఫోర్క్ కదలికని నూనెతో అదుపు చేసే భాగానికి, డబ్బు పెట్టొచ్చు.

డ్యాంపర్ అంటే పేరు చూసి మోసపోకండి. ఫాక్స్ కంపెనీ ఫోర్క్‌లలో పర్ఫార్మెన్స్ ఎలైట్, ఫ్యాక్టరీ అనే రెండు రకాల్లోనూ డ్యాంపర్ ఒకటే. ఫ్యాక్టరీ మీద బంగారు రంగు కషిమా పూత ఉంటుంది, అంతే. కార్బన్ ఫ్రేముకీ, తేలికైన గేర్లకీ పోసే డబ్బు మన రాళ్ల మీద తిరిగిరాదని నా నమ్మకం.

ఫ్రేము కొలతలు మాత్రం తర్వాత మార్చలేం. సైజు, ముందు గొట్టం వాలు, హబ్బు వెడల్పు నచ్చకపోతే కింది మోడలూ వద్దు, పై మోడలూ వద్దు. చాలా కంపెనీలు ఒకే అల్యూమినియం ఫ్రేము మీద రెండు మూడు ధరల సైకిళ్లు కడతాయి కాబట్టి ఈ ఎంపిక ముందే చేసుకోవచ్చు.

ఇక మా కుర్రాడితో చేయించింది ఇది. కాగితం మీద, కొత్త సైకిల్‌గా కింది మోడల్ కొంటే ఏడాదిలోపు నిజంగా మార్చాల్సినవి మాత్రమే రాయించాను. బ్రేకులు, వెనక షాక్, టైర్లు. ఎదురుగా వాటి విడి ధరలు. రెండు మోడళ్ల మధ్య తేడా కన్నా ఈ మొత్తం ఎక్కువైతే పైమోడలే చవక, ఎందుకంటే విడిభాగాలు కంపెనీకి పడే ధరకి మనకి దొరకవు. తక్కువైతే కింది మోడల్ చాలు. షాక్ సర్వీసుకి బెంగుళూరు వెళ్లాల్సి వస్తే ఒకవైపే 210 కిలోమీటర్లు, ఆ రానూపోనూ ఖర్చు కూడా రాయాలి, అది ఏ మోడల్‌కైనా తప్పదు.

వాడు ఇప్పుడున్న సైకిల్‌కి లెక్క వేస్తే సీలెంట్, మెటల్ ప్యాడ్లు, ఫోర్క్ సీళ్లు తేలాయి. వచ్చే ఆదివారం మా ఇంటి వరండాలో ఫోర్క్ విప్పుతున్నాం.