ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదా?

తాళం తిప్పగానే మీటరులో ఎర్రగానో పసుప్పచ్చగానో ఎయిర్‌బ్యాగ్ బొమ్మ వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అలా జరగకపోతే...

సమస్య: లైటు వెలుగుతూనే ఉంది

బండి మామూలుగానే నడుస్తుంది కాబట్టి చాలామంది వదిలేస్తారు. కానీ ఆ లైటుతో తిరుగుతుంటే, గుద్దుకున్నప్పుడు బ్యాగు తెరుచుకోకపోవచ్చు.

ఈమధ్య కారు లోపల కడిగించారా? ముందు సీట్ల కింద ఎయిర్‌బ్యాగ్ వైర్లను కలిపే పసుప్పచ్చ కనెక్టర్లు ఉంటాయి. మా కారుకు జరిగింది ఇదే. సీట్లు ఊడదీసి కడిగినవాళ్లు ఒక కనెక్టర్ సరిగ్గా నొక్కలేదు. ఎయిర్‌బ్యాగులను నడిపే కంప్యూటరే పోయిందనుకుని నేను రెండు రోజులు టెన్షన్ పడ్డాను.

హారన్, స్టీరింగ్ మీది బటన్లు కూడా మొరాయిస్తుంటే, అనుమానం క్లాక్ స్ప్రింగ్ మీద. స్టీరింగ్ ఎటు తిరిగినా బ్యాగుకు కరెంటు అందించే చుట్ట అది. తెగితే మార్చడమే. వాన నీళ్లలో మునిగిన బండి అయితే కార్పెట్ కింది కనెక్టర్లు తుప్పు పట్టి ఉండొచ్చు. బ్యాటరీ బాగా డౌనైనా ఈ లైటు రావచ్చు.

పరిష్కారం: మెకానిక్ దగ్గర స్కానర్ పెట్టించి, లోపం ఎక్కడుందో చెప్పే కోడ్ చదివించండి. కోడ్ చెరిపేసి "అయిపోయింది సార్" అంటే ఒప్పుకోకండి, అది రిపేరు కాదు. పసుప్పచ్చ ఎయిర్‌బ్యాగ్ వైర్లకు మల్టీమీటర్ (కరెంటు కొలిచే మీటరు) అస్సలు పెట్టొద్దు. అందులోంచి వచ్చే కాస్త కరెంటుకే బ్యాగు పేలే ప్రమాదం ఉంది. మెకానిక్ అయినా ముందు బ్యాటరీ వైరు విప్పి, మాన్యువల్లో చెప్పినన్ని నిమిషాలు ఆగాలి. లోపలి కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది.

సమస్య: లైటు అసలు వెలగదు

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు చూడాల్సింది ఇదే. ప్రమాదంలో బ్యాగులు తెరుచుకున్నాక కొత్తవి పెట్టకుండా, లైటు కనెక్షన్ తీసేసి అమ్మేవాళ్లున్నారు. స్కాన్ చేయించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

సమస్య: గుద్దినా తెరుచుకోలేదు

ప్రతిసారీ లోపమే అనుకోనక్కర్లేదు. వెనకనుంచి గుద్దినా, నెమ్మదిగా తగిలినా ముందు బ్యాగులు మామూలుగా తెరుచుకోవు. ఆగి ఉన్న లారీ కిందికి కారు దూరితే దెబ్బ సెన్సర్ల కంటే పైన పడుతుంది. బంపరుకు బిగించిన ఇనప గార్డు కూడా దెబ్బ తీరును మార్చేస్తుంది, అది తీయించేయండి.

సమస్య: తెరుచుకున్నాక కారంతా పొగ

అది ఎక్కువగా బ్యాగులోని పొడి, గ్యాసు. నిప్పంటుకుందని కంగారు పడకుండా, వీలైతే బయటికి రండి. కళ్లు మండితే నీళ్లతో కడుక్కోండి.

సమస్య: బ్యాగు వల్లే దెబ్బ

కన్ను మూసి తెరిచేలోపు విచ్చుకునే బ్యాగు అది. బెల్టు లేకుండా ముందుకు తూలినవాళ్ల మొహానికే అది గట్టిగా తగులుతుంది. ఛాతీకీ స్టీరింగ్‌కీ మధ్య 25 సెంటీమీటర్లయినా ఉండాలి. పసిపిల్లను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం వద్దు. వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీటును బ్యాగు ఉన్న ముందు సీట్లో పెట్టడం కూడా చాలా ప్రమాదం. సీటులోనే సైడ్ బ్యాగు ఉంటే కవరు దానికి తగ్గదే వేయించండి. డ్యాష్‌బోర్డు మీది వినాయకుణ్ణి ఎడమవైపు బ్యాగు మూత మీంచి తీసి, మధ్యలోకి జరపండి.