పాత కార్టూన్లు పిల్లలతో చూసేముందు: నీతిని గడియారం పెట్టి కొలవడం ఎలా

కార్టూన్‌లో నీతి ఉందా లేదా అన్నది చాలా ఇళ్లలో చివరి అర నిమిషం చూసి తేల్చేస్తారు. హీరో మనవైపు తిరిగి "చూశారా పిల్లలూ, అందుకే..." అన్నాడంటే మంచి కార్టూన్. అనకపోతే చెత్త. కానీ పిల్లల బుర్రకెక్కేది ఆ అర నిమిషం కాదు, దాని ముందు నడిచిన ఇరవై నిమిషాలు. కొలవాల్సింది అక్కడ.

పిల్లలు పడుకున్నాక ఏదో ఒక ఎపిసోడ్ మీరొక్కరే చూడండి. చేతిలో కాగితం, పెన్ను ఉంటే చాలు, టైము తెర మీదే కనిపిస్తుంది. నాలుగు సమయాలు రాసుకోవాలి: గొడవ ఎప్పుడు మొదలైంది, తప్పు చేసినవాడికి దాని దెబ్బ (అంటే చెడు ఫలితం) ఎప్పుడు తగిలింది, రాజీ ఎప్పుడు కుదిరింది, నీతి నోటితో ఎప్పుడు చెప్పారు. 22 నిమిషాల ఎపిసోడ్‌కి కాగితం మీద ఇలా రావచ్చు:

2:00 – కొత్త పిల్లాడిని ఆటలోకి రానివ్వలేదు
4:30 నుంచి 18:00 – పేర్లు పెట్టి వెక్కిరించడం, జట్టు కట్టి దూరం పెట్టడం
19:00 – వాడే వీళ్లని ఆపద నుంచి కాపాడాడు, అందరూ సారీ
21:00 – "ఎవరినీ చిన్నచూపు చూడకూడదు"

దెబ్బ తగిలిన సమయం ఇందులో లేదు, ఎవరికీ తగల్లేదు కాబట్టి. దీన్ని ఇంకా బడి వయసు రాని పిల్ల కళ్లతో చదవండి. పదమూడున్నర నిమిషాల పాటు ఒకరిని ఎలా వెలెయ్యాలో రకరకాలుగా చూసింది. సారీ చెప్పడం మూడు నిమిషాలు కూడా చూడలేదు. అమెరికాలో ప్రీస్కూల్ పిల్లల మీద జరిగి 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో, విద్యా కార్యక్రమాలు ఎక్కువ చూసిన పిల్లల్లో "నీతో మాట్లాడను పో", "నిన్ను ఆడనివ్వం" తరహా పోట్లాట ఎక్కువ కనిపించింది. గొడవ పొడుగునా నడిచి పరిష్కారం ఆఖర్లో రావడం, ఆ రెండింటికీ ఉన్న సంబంధం పిల్లలకు అందకపోవడం కారణం కావచ్చని పరిశోధకులు అన్నారు.

మేం పాటించే లెక్క ఇది: తప్పు చేసినవాడికి దెబ్బ సగం ఎపిసోడ్ దాటకముందే తగలడం మొదలవ్వాలి. అలా లేకపోతే ఆ ఎపిసోడ్ ఆరేళ్ల లోపు పిల్లలకు ఒంటరిగా చూపించొద్దు. పక్కన కూర్చుని, వెక్కిరింపు మొదలైన చోట ఒక్కసారి ఆపి "వాడి మొహం చూడు, ఎలా ఉందో" అనండి. అంతే, మళ్లీ వదిలెయ్యండి.

ఈ కొలతకి డోరేమాన్ చక్కగా నిలబడుతుంది. ఎవరూ నీతి చెప్పరు. నోబితా అనే పిల్లాడు ఏడుస్తాడు, రోబో పిల్లి డోరేమాన్ దగ్గర ఓ వింత గాడ్జెట్ దొరుకుతుంది, కాసేపు బాగానే ఉంటుంది, ఆశ పెరుగుతుంది, అదే తిరిగి వాడి నెత్తికి చుట్టుకుంటుంది. తప్పూ ఫలితమూ ఒకే మనిషి మీద, పక్కపక్కనే కనిపిస్తాయి. టామ్ అండ్ జెర్రీకి ఈ కొలతే అక్కర్లేదు. 1940 నుంచీ అది నవ్వించడానికే ఉంది, దాని మెడకి నీతి కట్టాలని చూడటం దండగ. ఛోటా భీమ్‌లో (2008లో మొదలైంది, మన హైదరాబాద్ స్టూడియో పనే) చూడాల్సింది భీమ్‌కి బలమిచ్చే లడ్డూ కాదు, అతనితో పోటీపడే బొద్దు పిల్లాడు కాలియా. తిండి గురించీ ఒళ్లు గురించీ వాడి మీద ఎన్నిసార్లు నవ్వుతారో ఒక్క ఎపిసోడ్‌లో గీతలు గీసి లెక్కపెట్టండి. విలన్‌ని భీమ్ కొట్టడం కన్నా మీరు మాట్లాడాల్సిన విషయం అదే.

ఇక నీతి నోటితో చెప్పినా చిన్నపిల్లలు దాన్ని ఎలా పట్టుకుంటారో చూడండి. మూడు కాళ్ల కుక్కని మిగతా కుక్కలు మొదట దూరం పెట్టి, తర్వాత కలుపుకునే ఒక అమెరికన్ కార్టూన్‌ని ఐదారేళ్ల పిల్లలకు చూపించి నేర్చుకున్నదేంటని అడిగారు. 2008లో అచ్చయిన ఆ పరిశోధనలో ఎక్కువమంది చెప్పిన జవాబు: మూడు కాళ్ల కుక్కలతో మంచిగా ఉండాలి. తమ క్లాసులో వేరుగా కనిపించే పిల్లాడి దాకా ఆ మాట వెళ్లలేదు. ఆ దూరం దాటించాల్సింది మీరే, అదీ పేరు పెట్టి: "మీ వ్యాన్‌లో ఎవరి పక్కనా కూర్చోని అబ్బాయి ఉన్నాడన్నావే, వాడికీ ఇలాగే ఉంటుందా?" 2017లో కెనడాలో నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలతో చేసిన మరో ప్రయోగంలో, పంచుకోవడం గురించిన కథలో మనుషులుంటే పిల్లలు స్టిక్కర్లు ఎక్కువ పంచారు. అదే కథలో బట్టలేసుకున్న జంతువులుంటే పెరగలేదు. కాబట్టి ఫలానా గుణం నేర్పాలనే పట్టుదల ఉంటే మనుషుల పిల్లలున్న ఎపిసోడ్ ఎంచుకోండి.

అబద్ధాల విషయంలో ఇంకో మెలిక. "నాన్నా పులి" కథ అందరం చెబుతాం. 2014లో వచ్చిన ఒక పరిశోధనలో మూడు నుంచి ఏడేళ్ల పిల్లలకు ఆ కథ పాశ్చాత్య రూపం (అక్కడ తోడేలు) వినిపించారు. అబద్ధాలు తగ్గలేదు. నిజం ఒప్పుకున్న పిల్లాడిని తండ్రి మెచ్చుకున్న కథ విన్నవాళ్లలో మాత్రం నిజం చెప్పేవాళ్లు పెరిగారు. అబద్ధమాడినవాడు చచ్చే ఎపిసోడ్ కన్నా నిజం చెప్పినవాడు గట్టెక్కే ఎపిసోడ్ వెతకండి.

కార్టూన్ చివర అతికించే నీతికి అసలు పనే లేదా అంటే, ఉంది. అమెరికన్ కార్టూన్ హీ-మ్యాన్ (1983) ప్రతి ఎపిసోడ్ చివరా ఒక చిన్న ఉపదేశం ఉండేది. బొమ్మలమ్ముకోవడానికి తీసిన కార్టూన్ అన్న విమర్శకి అది కొంత కవచం కూడా. మన దగ్గర 1997లో మొదలైన శక్తిమాన్ (కార్టూన్ కాదు, మనుషులు నటించిన సీరియల్) కూడా ఎపిసోడ్ చివర పిల్లలకు మంచిమాటలు చెప్పేవాడు. తనలా ఎగరబోవద్దని కూడా చెప్పాల్సి వచ్చింది. "మేడ మీంచి దూకొద్దు", "ప్లగ్‌లో వేలు పెట్టొద్దు" లాంటి ఒక్క ముక్క హెచ్చరికలకి ఆ అర నిమిషం బాగానే పనికొస్తుంది. దయ, ఓర్పు లాంటివి అంత సేపట్లో ఎక్కవు.

ఇప్పుడు మీ చిన్నప్పటి కార్టూన్ సంగతి. మోగ్లీ జపాన్‌లో 1989లో మొదలైన 52 ఎపిసోడ్ల సీరియల్. దూరదర్శన్‌లో హిందీలో ఆదివారం పూట వచ్చేది. హిందీ సగం అర్థం కాకపోయినా పాట మాత్రం నోటికొచ్చు. మీకు తీపిగా గుర్తున్నది నిజానికి కార్టూన్ ఒక్కటే కాదు. ఇంట్లో ఒకే టీవీ, వారమంతా ఎదురుచూపు, మధ్యలో పోయిన కరెంటు. అవేవీ మీ పిల్లకి లేవు. పది నిమిషాల్లో లేచిపోతే అది దాని తప్పు కాదు.

అయినా చూపించాలనుకుంటే వారానికి ఒక్కటే, ఆదివారమే వెయ్యండి. ఎదురుచూపు కూడా వస్తుంది, 52 ఎపిసోడ్లు ఏడాదికి సరిపోతాయి. టీవీలో పిక్చర్ సైజు 4:3కి మార్చండి, లేదంటే మొహాలన్నీ సాగిపోయి బొమ్మ పీట లాగా ఉంటుంది. యూట్యూబ్‌లో ఎవరో ఎక్కించిన కాపీ అయితే ముందు చూసుకోండి: కాపీరైట్‌కి దొరక్కుండా బొమ్మని అద్దంలోలా తిప్పేసినవి, గొంతు సన్నగా చేసినవి చాలా ఉంటాయి. అక్షరాలు తిరగబడి ఉంటే వేరేది వెతకండి. ఆటోప్లే ఆపెయ్యండి. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు రోజుకి గంట మించొద్దంటుంది. మిగతా రోజుల్లో వేరే కార్టూన్లు వేసినా, 22 నిమిషాలవి మూడు వేస్తే గంట దాటిపోయినట్టే, రెండింటితో ఆపాలి. మూడు ఆదివారాలైనా తనంతట తాను అడక్కపోతే ఆ కార్టూన్ మీరొక్కరే చూసుకోండి.

ఎక్కువమంది చెడగొట్టేది ప్రశ్న దగ్గర. ఎపిసోడ్ అయిన వెంటనే "ఏం నేర్చుకున్నావ్?" అంటే అది పరీక్షే. రెండోసారికి పిల్ల "మంచిగా ఉండాలి" అని బట్టీపట్టి చెప్పి లేచిపోతుంది. చందమామ బేతాళుడిని గుర్తు తెచ్చుకోండి. నీతి చెప్పడు, చిక్కుముడి వేస్తాడు: ఇద్దరిలో తప్పెవరిది? ఇద్దరికీ కొంత న్యాయం ఉన్న చోటే అలాంటి ప్రశ్న పుడుతుంది. "గాడ్జెట్ అడిగిన నోబితాది తప్పా, ఏడుస్తున్నాడని ఇచ్చేసిన డోరేమాన్‌దా?" ఎపిసోడ్‌కి ఒక్కటే ప్రశ్న, అదీ టీవీ ముందు కాదు, రాత్రి అన్నం కలిపి ముద్దలు పెడుతున్నప్పుడు.

"డోరేమాన్‌దే తప్పు."

"ఎందుకు నాన్నా?"

"వాడు ఏడిస్తే ఇచ్చేస్తాడు. నువ్వు నాకు ఫోన్ ఇస్తావ్ కదా, అలాగ."