రోమన్ సైనికుల చిన్న బొమ్మలకు రంగులు: సమస్య – పరిష్కారం

1786లో నెల్లూరు సమీపంలో పొలం దున్నుతున్న ఒక రైతు నాగలికి పాత ఇటుక కట్టడం తగిలింది. అందులోని చిన్న కుండలో దొరికిన రోమన్ బంగారు నాణేలలో ట్రాజన్, హాడ్రియన్ చక్రవర్తులవి కూడా ఉన్నాయి. ఆ ట్రాజన్ కాలపు సైనికుల బొమ్మలకు మన ప్రాంతంలో కూర్చుని అక్రిలిక్ రంగులు వేసేవారికి ఎదురయ్యే చిక్కులు చాలావరకు చేయి తిరగకపోవడం వల్ల వచ్చేవి కావు; ఇక్కడి ఎండ, సముద్రపు తేమ, బోరు నీరు కలిసి తెచ్చిపెట్టేవి. 1/72 కొలతలో (అంటే అసలు పరిమాణంలో 72వ వంతు) మనిషి బొమ్మ ఎత్తు దాదాపు 24 మి.మీ. మాత్రమే కాబట్టి, పెద్ద బొమ్మ మీద కనిపించని లోపం కూడా దాని మీద కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది.

సమస్య: స్ప్రే ప్రైమర్ (రంగు పట్టుకునేందుకు ముందుగా వేసే పూత) ఆరిన తరువాత బొమ్మ ఇసుక చల్లినట్లు గరుకుగా ఉంది.

డబ్బా నుంచి వెలువడిన తుంపరలు బొమ్మను చేరకముందే గాలిలో ఆరిపోయి, పొడిగా వచ్చి అంటుకోవడమే దీనికి కారణం. రోహిణి కార్తె ఎండలో మిద్దె మీద నిలబడి స్ప్రే చేస్తే ఇలా కాక మరోలా జరగదు. డబ్బాను బాగా కుదిపి, తెల్లవారుజామున గాలి లేనప్పుడు, 20 నుంచి 25 సెం.మీ. దూరంలో ఉంచి, ఒకేచోట ఆపకుండా కొద్దికొద్దిగా కొట్టాలి. కొత్తపట్నం, మైపాడు వంటి తీర గ్రామాలలో ఉండేవారు స్ప్రే జోలికి పోకుండా కుంచెతో పూసే ప్రైమర్ వాడడమే మేలని నా అభిప్రాయం. ఇప్పటికే గరుకెక్కిన బొమ్మను పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దితే పైపై పొడి రాలిపోతుంది.

సమస్య: ఈటె, కత్తి మీది రంగు పెచ్చులుగా ఊడిపోతోంది.

1/72 బొమ్మలు ఎక్కువగా వంగే మెత్తని ప్లాస్టిక్‌తో వస్తాయి. అచ్చు నుంచి తీసేటప్పుడు అంటుకున్న జిడ్డు మీద రంగు నిలవదు. నిలిచినా, ఈటె వంగిన ప్రతిసారీ పగులుతుంది. బొమ్మలను గిన్నెలు తోమే ద్రవం కలిపిన గోరువెచ్చని నీటిలో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ప్రైమర్‌కు ముందు నీరు కలిపిన ఫెవికాల్‌ను పలుచగా ఒక పూత పూస్తే, ఆ పొర కొంత సాగుతుంది కనుక రంగు అంత తేలికగా విడిపోదు.

సమస్య: పలుచన చేసిన రంగు గాని వాష్ (మడతలలో నీడ కోసం దిగనిచ్చే బాగా పలుచని రంగు) గాని ఆరిన తరువాత మడతలలో తెల్లని చారలు కనిపిస్తున్నాయి.

మొదట అనుమానించవలసింది నీటిని. మీరు రంగులో కలిపే నీటిని ఒక చుక్క నల్లని ప్లాస్టిక్ మూత మీద వేసి ఆరనివ్వండి. అంచున సున్నం గీసినట్లు తెల్లని వలయం మిగిలితే, అదే లవణం సైనికుడి అంగీ మడతలలోనూ మిగులుతోందని అర్థం. నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో చాలా ఊళ్ల బోరు నీటికి ఈ గుణం ఉంది. బండ్ల బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి కొనుక్కుంటే నెలల తరబడి వస్తుంది. వలయం రాకపోయినా చారలు పడుతున్నాయంటే, వాష్ సగం ఆరిన దశలో కుంచెతో మళ్లీ కెలుకుతున్నారన్నమాట. పూసిన వెంటనే ఎక్కువైన ద్రవాన్ని తడి కుంచె మొనతో పీల్చి, ఇక దానిని ముట్టుకోకూడదు.

సమస్య: ఎరుపు రంగు ఎన్ని పూతలు వేసినా మట్టిరంగులా మసకగా ఉంది.

ఎరుపు రంగులు చాలావరకు సగం పారదర్శకంగా ఉంటాయి కాబట్టి కింది నలుపు ప్రైమర్ పైకి కనిపిస్తూనే ఉంటుంది. దీనిని కప్పేందుకు చిక్కగా పూస్తే కవచం పట్టీలు, డాలు అంచు పూడుకుపోతాయి. ముందు గోధుమ రంగు గాని లేత గులాబీ గాని ఒక పూత వేసి, దాని మీద పలుచని ఎరుపును రెండు మూడు పూతలుగా వేయాలి. అసలు సైనికులందరికీ ఎర్ర అంగీలే ఉండాలన్న పట్టుదల అవసరం లేదు. రోమన్ అంగీల రంగుపై పండితులలో నేటికీ చర్చ ఉంది, ఎరుపుతో పాటు చలువ చేయని ఉన్ని తెలుపుకూ ఆధారాలు ఉన్నాయి. డాలుకు మాత్రం ఎరుపును నిశ్చింతగా వాడవచ్చు. సిరియాలోని డ్యూరా యూరోపస్‌లో దొరికిన 3వ శతాబ్దపు వంపు డాలు మీద ఎర్రని నేపథ్యంలో గద్ద, సింహం చిత్రించి ఉన్నాయి.

సమస్య: పట్టీల కవచం వెండి రేకు చుట్టినట్లు చదునుగా ఉంది.

వెండి రంగును నేరుగా పూసి వదిలేయడం దీనికి కారణం. ట్రాజన్ కాలపు ఈ కవచం ఇనుప పట్టీలతో, ఇత్తడి బందులతో తయారైనది. నలుపు మీద ముదురు ఇనుప రంగు వేసి, నల్లని వాష్‌ను పట్టీల సందులలోకి దిగనిచ్చి, పూర్తిగా ఆరాక ప్రతి పట్టీ పైఅంచున మాత్రమే వెండి రంగును సన్నగా తాకించాలి. భుజం మీది చిన్న బందులకు ఇత్తడి చుక్క పెడితే కవచానికి ప్రాణం వస్తుంది. లోహపు రంగులలోని మెరుపు రేణువులు ఇతర రంగులలో కలవకుండా కుంచె కడిగే నీటిగ్లాసును వేరుగా ఉంచుకోవాలి.

కళ్లు వంకరగా వస్తున్నాయన్నది తరచు వినిపించే మరో ఫిర్యాదు. 24 మి.మీ. బొమ్మకు కళ్లు వేయనక్కరలేదు. శిరస్త్రాణం కింద ముదురు గోధుమ నీడ చాలు.

సమస్య: చివరి మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ తరువాత బొమ్మంతా పాలపొర కమ్మింది.

గాలిలోని తేమ వార్నిష్‌లో చిక్కుకుంటే ఇలా అవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల ముసురులో, స్ప్రే వార్నిష్‌ను పక్కన పెట్టి కుంచెతో పూసేదాన్నే వాడాలి. పాలపొర వచ్చిన బొమ్మను వెంటనే గీకవద్దు. గ్లాసీ (మెరిసే) వార్నిష్‌ను కుంచెతో పలుచగా పూస్తే చాలాసార్లు కింది రంగులు మళ్లీ తేటపడతాయి. అది ఒక రోజు ఆరిన తరువాత, వాన వెలిసిన పొడి రోజు చూసి మ్యాట్ పూత వేయవచ్చు. అప్పటికీ తెలుపు పోకపోతే ఆ భాగానికి తిరిగి రంగు వేయడం తప్ప మార్గం లేదు.