ఇంట్లోని ఇత్తడి మచ్చలు: సమస్య - కారణం - పరిష్కారం

మా సింగరాయకొండలాగా సముద్రానికి దగ్గరగా ఉండే ఊళ్ళలో ఇత్తడి వస్తువులను అలంకరణకు పెట్టుకున్నవారు ఏ మచ్చ కనిపించినా చింతపండుతో తోమడానికే సిద్ధపడతారు. ఇత్తడి రాగి, జింకు కలిసిన లోహం కనుక దానిపై వచ్చే నలుపుకు ఒక కారణం, పచ్చదనానికి మరొకటి, ఎరుపుకు ఇంకొకటి ఉంటాయి. తోమే ముందు వస్తువుకు అయస్కాంతం ఆనించి చూడండి. అతుక్కుంటే అది ఇత్తడి పూత వేసిన ఇనుము. దాన్ని తోమితే పూత పోతుంది కాబట్టి పొడిగుడ్డతో తుడిచి వదిలేయడమే మేలు.

సమస్య: తోమిన నాలుగు రోజులకే మెరుపు తగ్గడం.
సముద్రపు గాలిలోని ఉప్పుతేమ ఒక కారణమే గాని, నేను చూసినంతలో ఎక్కువసార్లు అసలు కారణం నగిషీల సందుల్లో మిగిలిపోయిన చింతపండు పులుసే. తోమగానే మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి, నూలుగుడ్డతో తుడిచి, పావుగంట ఎండలో ఉంచి, చల్లారిన తరువాత గుడ్డమీద ఒక్క చుక్క కొబ్బరినూనె వేసుకుని పైపైన రుద్దాలి. నూనె ఎక్కువైతే దుమ్ము అంటుకుని జిడ్డవుతుంది. సముద్రం వైపు తెరుచుకునే కిటికీ దగ్గర మాత్రం ఇత్తడిని ఉంచకండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే వానల్లో వారానికి ఒకసారి పొడిగుడ్డతో తుడవడం అవసరం.

సమస్య: గంట లోపల, కుందె అడుగున పచ్చటి చిలుము.
నీరు నిలిచిన చోట రాగి తేమతో, ఉప్పుతో కలిసి ఇలా మారుతుంది. నిమ్మచెక్కకు ఉప్పు అద్ది రుద్దితే వెంటనే పోయినట్టు కనిపిస్తుంది, కాని సందుల్లో మిగిలిన ఉప్పే మళ్ళీ చిలుమును రప్పిస్తుంది. అందుచేత ఉప్పు లేకుండా, నిమ్మరసంలో ముంచిన పాత టూత్ బ్రష్‌తో రుద్ది, కడిగి, సందుల్లోని తేమ కూడా పోయేదాకా ఆరబెట్టండి. చిలుము విషపదార్థం కనుక చేతులు కడుక్కోవడం మరువకూడదు.

సమస్య: పసుపు రంగు పోయి గులాబీ, ఎరుపు మచ్చలు.
ఇది నేను స్వయంగా చేసుకున్న నష్టం. కార్తీక పౌర్ణమి ముందు రాత్రి ఒక తామరపువ్వు దీపాన్ని చింతపండు నీళ్ళలో వేసి మరచిపోయాను. తెల్లవారి తీసేసరికి రేకుల అంచులు రాగి చెంబులాగా ఎర్రబారి ఉన్నాయి. పులుపు ఎక్కువసేపు తగిలితే పైపొరలోని జింకు కరిగిపోయి రాగి మిగులుతుంది. పొర పలుచగా ఉంటే ఇత్తడి పాలిష్‌తో ఓపికగా రుద్దినప్పుడు అడుగున ఉన్న పసుపు బయటపడుతుంది, లోతుగా దిగితే మాత్రం ఇంట్లో చేయగలిగింది లేదు. పులుపును ఐదు నిమిషాలకు మించి ఉంచకండి.

సమస్య: కొత్త బొమ్మపై అక్కడక్కడ నల్లటి పొడలు, మిగతా భాగం మెరుస్తూనే ఉండడం.
అంగట్లో కొన్నవాటికి పలుచని వార్నిష్ పూత ఉండవచ్చు. అది పగిలిన చోట మాత్రమే లోహం నల్లబడుతుంది కనుక ఎంత తోమినా సమానంగా రాదు. గాలి ఆడే చోట, పొయ్యికి, దీపానికి దూరంగా, దూదిని అసిటోన్‌లో తడిపి పూత మొత్తం తీసివేసి, ఆ తరువాతే పాలిష్ చేయాలి. గీతల్లో కావాలని నింపిన నలుపును మచ్చగా పొరబడి తీసివేస్తే బొమ్మ ముఖకళే పోతుంది.

పూలు తేలే ఉరుళిలో, అంటే వెడల్పాటి ఇత్తడి గిన్నెలో, కనిపించే తెల్లటి గీత బోరు నీటి సున్నం. నిమ్మరసంతో తుడిచి కడిగితే చాలు. దీపాల జిడ్డుకు వేడినీళ్ళు, కుంకుడు రసం సరిపోతాయి.

సమస్య: సంక్రాంతి కొలువు తరువాత కట్టి దాచిన బొమ్మ నడుముకు నల్లటి గీత.
అది రబ్బరు బ్యాండు గుర్తు. రబ్బరులోని గంధకం ఇత్తడిని నల్లబరుస్తుంది, ఉన్నిగుడ్డ కూడా అంతే. గీతను పాలిష్‌తో తీసి, బొమ్మను ఉతికిన పాత నూలుచీర ముక్కలో చుట్టి, దారంతో కట్టి దాచండి.